కదిలే నేల మీద దిగడం

జనవరి 18, 2025. విశాఖపట్నం

1911లో ఇదే తేదీన యూజీన్ ఈలీ అనే ఇరవై నాలుగేళ్ళ యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో లంగరేసి ఉన్న పెన్సిల్వేనియా యుద్ధనౌక మీద విమానం దించాడు. ఓడ మీద విమానం దిగడం లోకంలో అదే మొదలు. ఓడ వెనక వైపు చెక్కలతో ఒక వేదిక కట్టారు. దాని మీద అడ్డంగా 22 తాళ్ళు పరిచి, ఒక్కో తాడుకు రెండు కొసలా ఇసుక సంచులు కట్టారు. విమానం అడుగున కొక్కేలు బిగించారు. కొక్కెం తాడును అందుకుంటే తాడు ఇసుక సంచులను ఈడుస్తుంది. ఆ బరువు విమానాన్ని నిలబెడుతుంది. ఈలీకి ఈత రాదు. నీళ్ళలో పడితే తేలడానికి సైకిల్ ట్యూబులు ఒంటికి చుట్టుకున్నాడు.

ఈనాటి విమానవాహక నౌకల మీద తాళ్ళ బదులు ఉక్కు తీగలు, ఇసుక సంచుల బదులు హైడ్రాలిక్ యంత్రాలు వచ్చాయి. కొక్కెం మాత్రం ఇంకా ఉంది. ఫిజిక్స్ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి కనుక ఈ ప్రయోగమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఖర్చు తక్కువ, ఆలోచన పెద్దది. ఫలితం నూరేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు.

జనవరి 23

పెన్సిల్వేనియా మీద దిగడానికి రెండు నెలల ముందు, 1910 నవంబర్ 14న, ఈలీ వర్జీనియా తీరాన బర్మింగ్‌హామ్ అనే క్రూయిజర్ మీద నుంచి ఎగిరాడు. ఓడ ముందు భాగాన కట్టిన వాలు వేదిక పొడవు 83 అడుగులే. అంచు దాటగానే విమానం కిందికి జారింది. చక్రాలు నీటిని తాకాయి, ప్రొపెల్లర్ కొసలు దెబ్బతిన్నాయి, కళ్ళజోడు నిండా ఉప్పునీళ్ళు చిందాయి. అయినా విమానాన్ని పైకి లేపి దగ్గరలోని ఇసుక తీరంలో దింపాడు.

అతను నౌకాదళ ఉద్యోగి కాడు. ఊరూరా విమాన ప్రదర్శనలిచ్చి బతికేవాడు. 1911 అక్టోబర్‌లో జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో అలాంటి ప్రదర్శనలోనే చనిపోయాడు. పాతికేళ్ళు నిండడానికి ఇంకా రెండు రోజులుంది. అమెరికా ప్రభుత్వం అతని పేర పతకం ఇచ్చింది 1933లో.

ఫిబ్రవరి 2

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో సాపేక్ష వేగం పాఠం ఉంటుంది. ఆ పాఠానికి ఎడ్విన్ డన్నింగ్ కథను మించిన ఉదాహరణ లేదు.

1917 ఆగస్టు 2. స్కాట్లాండ్ ఉత్తర కొసన ఆర్క్‌నీ దీవుల మధ్య స్కాపా ఫ్లో అనే నౌకాశ్రయం. ఫ్యూరియస్ అనే బ్రిటిష్ నౌక గాలికి ఎదురుగా 26 నాట్ల వేగంతో పోతోంది. ఎదురుగాలి 21 నాట్లు. రెండూ కలిపితే డెక్కు మీద 47 నాట్ల గాలి. డన్నింగ్ నడిపే సాప్‌విత్ పప్ తేలికపాటి విమానం, ఇంచుమించు ఆ వేగంలోనే గాలిలో నిలవగలదు. అందువల్ల ఓడ మీద నిలబడి చూసేవాళ్ళకు విమానం తమ తలల పైన ఆగిపోయినట్టే కనిపించింది. కదిలే బస్సులోంచి దిగేవాడు బస్సు పోయే వైపే పరుగెత్తుతాడే, ఇదీ ఆ లెక్కే. డెక్కు మీదివాళ్ళు పరుగున వెళ్ళి రెక్కల కింద వేలాడే పట్టీలను అందుకుని విమానాన్ని చేతులతో కిందికి లాగారు. కదులుతున్న ఓడ మీద విమానం దిగడం అదే మొదటిసారి.

విమానవాహక నౌక ఈ రోజుకీ విమానాలను ఎగరేసేటప్పుడు, దించుకునేటప్పుడు గాలికి ఎదురు తిరగడం అందుకే.

ఫిబ్రవరి 7

అయిదు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 7న, డన్నింగ్ మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి విమానం డెక్కు పక్క నుంచి సముద్రంలో పడింది. పడవ చేరేలోపే అతను చనిపోయాడు. వయసు 25.

అతని మరణం ఒక విషయాన్ని తేల్చింది. ఫ్యూరియస్‌కు ముందు భాగంలోనే డెక్కు ఉంది, నడుమ కట్టడాలు, పొగగొట్టం ఉన్నాయి. పైలట్ వాటిని చుట్టి పక్కగా జారుతూ వచ్చి డెక్కు మీదికి తిరగాలి. ఎంత నేర్పరి అయినా రోజూ చేయగలిగిన పని కాదది. ఒక్కడి సాహసం మీద నౌకాదళాన్ని నిలబెట్టలేం. సామాన్య శిక్షణ పొందిన పైలట్ రోజూ క్షేమంగా చేయగలిగినప్పుడే అది పద్ధతి అవుతుంది.

ఫిబ్రవరి 15

డన్నింగ్ పోయాక ఫ్యూరియస్ వెనక భాగంలో ఇంకో డెక్కు కట్టారు. అదీ పనికి రాలేదు. నడుమనున్న కట్టడాలు గాలిని చెదరగొట్టేవి. పొగగొట్టం నుంచి వచ్చే వేడిగాలి దిగబోయే విమానాన్ని కుదిపేసేది.

1918 జూలై 19న ఇదే ఓడ నుంచి ఏడు సాప్‌విత్ కామెల్ విమానాలు ఎగిరి, టాండర్న్‌లోని జర్మన్ స్థావరం మీద బాంబులు వేసి రెండు జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌లను తగలబెట్టాయి. దాడి ఫలించింది. కానీ ఆ విమానాల్లో ఒక్కటీ తిరిగి ఓడ మీద దిగలేదు. కొందరు డెన్మార్క్ నేల మీద దిగారు, కొందరు సముద్రంలో దించారు. ఒక పైలట్ సముద్రానికే బలయ్యాడు.

ఆ సెప్టెంబర్‌లో ఆర్గస్ వచ్చింది. ఇటలీ కంపెనీ కోసం మొదలుపెట్టి యుద్ధం వల్ల ఆగిపోయిన ప్రయాణికుల ఓడను కొని, ముందు నుంచి వెనక దాకా ఒకే చదునైన డెక్కు వేశారు. నిలువు పొగగొట్టం లేదు. పొగను గొట్టాల ద్వారా ఓడ వెనక కొసకు పంపారు. ఈనాటి విమానవాహక నౌక రూపం అక్కడ మొదలైంది. డన్నింగ్ ఆర్గస్‌ను చూడలేదు. ఆర్గస్ ఆకారంలో అతని పాలు ఉంది.

ఫిబ్రవరి 22

1921లో జపాన్ కోరిక మీద బ్రిటన్ నుంచి సెంపిల్ అనే అధికారి నాయకత్వంలో సుమారు 30 మంది శిక్షకుల బృందం జపాన్‌లోని కాసుమిగౌరాకు వెళ్ళింది. జపాన్ నౌకాదళ పైలట్లకు కొత్త విమానాలు, టార్పెడో దాడులు, డెక్కు మీద దిగే పద్ధతి అక్కడ నేర్పారు. 1922 డిసెంబర్‌లో జపాన్ హోషో అనే నౌకను ప్రవేశపెట్టింది. వేరే ఓడను మార్చి కాక, మొదటి నుంచి విమానవాహక నౌకగానే గీసి కట్టిన వాటిలో సేవలోకి ముందుగా వచ్చింది అదే. 1923 ఫిబ్రవరిలో దాని మీద తొలిసారి విమానం దించింది విలియం జోర్డన్ అనే ఆంగ్లేయుడు. ఆ తర్వాత కొద్ది వారాలకే జపాన్ పైలట్ దిగాడు.

మార్చి 20

1922లో ఇదే రోజున అమెరికా తొలి విమానవాహక నౌక లాంగ్లీ సేవలోకి వచ్చింది. అంతకుముందు అది జూపిటర్ అనే బొగ్గు ఓడ. బొగ్గు నింపే అరల్లోనే విమానాలు పెట్టారు, క్రేన్లతో పైకి తీసేవారు. డెక్కు పొడవు 530 అడుగులకు పైమాటే. ఓడ వెనక కొసన పావురాల గూడు కూడా ఉండేది. దూరాన సముద్రంలో దిగిపోయిన పైలట్ల కబురు తెచ్చేందుకు ఆ పావురాలు.

అక్టోబర్ 26న గాడ్‌ఫ్రే షెవలియర్ ఈ ఓడ మీద మొదటి ల్యాండింగ్ చేశాడు. మూడు వారాలు తిరక్కుండానే, నవంబర్‌లో, వేరొక విమాన ప్రమాదంలో దెబ్బలు తగిలి చనిపోయాడు.

ఓడలో రెండో స్థానంలో ఉన్న కెన్నెత్ వైటింగ్ ప్రతి ల్యాండింగ్‌నూ సినిమా కెమెరాతో తీయించేవాడు. తర్వాత పైలట్లతో కలిసి ఆ ఫిల్మ్ చూసేవాడు. ఒకసారి ఎవరో పైలట్ ఎత్తు సరిచూసుకోలేక తడబడుతుంటే నావికుల తెల్ల టోపీలు రెండు చేతుల్లోకి తీసుకుని పైకి, కిందికి చూపి దింపారని చెబుతారు. డెక్కు అంచున నిలబడి దిగేవాడికి సైగలు చేసే అధికారి పదవి లాంగ్లీ మీదే స్థిరపడింది. ఆ నిలబడేవాడు కూడా పైలటే. తన ప్రాణం పణంగా పెట్టి దిగడం తెలిసినవాడే ఇంకొకరిని దింపాలన్నది ఆ పదవి వెనకున్న నీతి.

మార్చి 25

జోసెఫ్ రీవ్స్ గురించి చదువుతున్నాను. యాభై రెండేళ్ళ వయసులో, 1925లో, పెన్సకోలా నౌకాదళ విమాన శిక్షణ కేంద్రంలో విమాన పరిశీలకుడి కోర్సు చదివి లాంగ్లీ విమాన బృందాలకు నాయకుడిగా వచ్చాడు. పైలట్లను కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఒక విమానం దిగాక దాన్ని కిందికి పంపేదాకా రెండోది ఆకాశంలో ఎందుకు తిరగాలి? డెక్కు మధ్యలో అడ్డు తీగలు కట్టి, దిగిన విమానాలను ముందుకు నెట్టి నిలబెడితే వెంటవెంటనే దించవచ్చు కదా? ఓడ మోసే విమానాల సంఖ్య అలా 14 నుంచి 42కు పెరిగింది. డెక్కు మీద పనివాళ్ళకు పనినిబట్టి రంగుల జెర్సీలు వచ్చిందీ ఆ కాలంలోనే. ఓడ పెరగలేదు. దాని మీది మనుషుల క్రమం పెరిగింది.

విలియం హాల్సీ అనే మరో అమెరికా నౌకాదళ అధికారి కూడా అంతే. 1935లో 52 ఏళ్ళ వయసులో పెన్సకోలాలో కుర్రవాళ్ళ మధ్య కూర్చుని పైలట్ రెక్కలు సంపాదించాడు. విమానవాహక నౌకను నడిపించేవాడికి ఎగరడం తెలిసి ఉండాలని అమెరికా చట్టం చేసుకుంది. తెలిసినవాడికే అధికారం ఇవ్వడం ఏ శాఖకైనా మంచి నియమం.

ఏప్రిల్ 6

ఈ రోజు శ్రీరామనవమి. పందిట్లో పానకం పంచుతున్నారు.

1942లో ఇదే తేదీన రియుజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి పన్నెండేళ్ళ పిల్లయిన మా అమ్మ చెప్పేది, వీధులకు వీధులు ఖాళీ అయ్యాయని, ఎడ్లబళ్ళు దొరకక జనం పిల్లల్ని చంకనేసుకుని పల్లెలకు నడిచిపోయారని.

నూరేళ్ళ చరిత్ర పుస్తకాల్లో ఎక్కడో స్కాపా ఫ్లోలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉందనుకునే ఈ విద్య మన గుమ్మం దాకా వచ్చిన రోజు అది. కాసుమిగౌరాలో బ్రిటిష్ శిక్షకులు నాటిన పాఠం ఇరవై ఏళ్ళకు బ్రిటిష్ పాలనలోని విశాఖ రేవు మీద బాంబులై రాలింది. మన పిల్లలకు పెరల్ హార్బర్ తెలుసు. ఏప్రిల్ 6 తెలియదు.

ఏప్రిల్ 9

విశాఖ దాడి జరిగిన మూడో రోజు సిలోన్ తూర్పు తీరాన, బట్టికలోవా దగ్గర, హెర్మిస్ మునిగింది. విమానవాహక నౌకగానే గీసి కట్టడం మొదలుపెట్టిన తొలి బ్రిటిష్ ఓడ అది. పని 1918లో ఆరంభమైనా 1924 దాకా సేవలోకి రాలేదు, అందుకే హోషో ముందు వచ్చింది. దాడి జరిగినప్పుడు దాని డెక్కు మీద తన విమానం ఒక్కటీ లేదు. జపాన్ డైవ్ బాంబర్లు వరసగా విరుచుకుపడ్డాయి. 307 మంది చనిపోయారు. వీటా అనే వైద్య నౌక బతికినవాళ్ళను వందల సంఖ్యలో నీళ్ళలోంచి తీసుకుంది.

విమానాలు, పైలట్లు లేని విమానవాహక నౌక తనను తానైనా కాపాడుకోలేదు.

ఏప్రిల్ 27

మా వీధి చివరింటి పెద్దాయన కుర్రతనంలో మన నౌకాదళపు పాత విమానవాహక నౌక విక్రాంత్ మీద విమానాల మెకానిక్‌గా పనిచేశారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని అడిగాను, జెట్ విమానం డెక్కుకు తగలగానే ఇంజిన్ తగ్గిస్తారా అని.

"తగ్గించరు మాస్టారూ, పెంచుతారు. చక్రం తగిలిన క్షణమే పవర్ మొత్తం పెట్టేయాలి. హుక్కుకు తీగ దొరికిందా, ఆగిపోతుంది. దొరకలేదా, ఆ పవర్‌తోనే మళ్ళీ లేచిపోవాలి."

"అంటే ఆగడానికి వస్తూ ఎగరడానికి సిద్ధపడి ఉండాలన్నమాట."

"అదేనండి. అది ఒక్కరోజులో వచ్చేది కాదు. ముందు ఒడ్డున, రన్‌వే మీద డెక్కు కొలతలకు గీతలు గీసి, దాని మీద దిగి దిగి అలవాటు పడాలి. ఆ తరవాతే ఓడ."

1971 భారత్-పాకిస్తాన్ యుద్ధం గురించి కూడా చెప్పారు. విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు. ఓడ పూర్తి వేగం అందుకోలేదు. వేగం తగ్గితే డెక్కు మీద గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే ఎగిరేవాడికీ దిగేవాడికీ కష్టం పెరుగుతుంది. డన్నింగ్ నాటి లెక్కే. అయినా డిసెంబర్ 4న విక్రాంత్ మీది సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. ఆ ముందు రాత్రే విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ వెలుపల మునిగింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది.

మే 18

1961 మే 18న తాహిలియానీ అనే యువ అధికారి సీ హాక్‌ను విక్రాంత్ మీద దించారు. ఆ డెక్కు మీద దిగిన తొలి జెట్ అదే. తర్వాత 1984లో ఆయనే నౌకాదళాధిపతి అయ్యారు.

విక్రాంత్‌ను హెర్క్యులిస్ అన్న పేరుతో బ్రిటన్‌లో సగం కట్టి వదిలేశారు. 1957లో మనం కొన్నాక కొత్త ఏర్పాట్లతో పూర్తి చేశారు. వాటిలో ముఖ్యమైనది కోణంగా తిప్పిన డెక్కు. 1951లో డెనిస్ క్యాంబెల్ అనే బ్రిటిష్ అధికారికి తట్టిన ఆలోచన: దిగే దారిని ఓడ పొడవుకు కొద్దిగా పక్కకు తిప్పితే, తీగ తప్పిన విమానం ముందు నిలిపిన విమానాలను గుద్దకుండా ఖాళీ సముద్రం మీదుగా లేచిపోగలదు. పెద్దాయన చెప్పిన 'మళ్ళీ లేచిపోవడం' సాధ్యమైంది దీనివల్లే.

అదే కాలంలో నికొలస్ గుడ్‌హార్ట్ అనే మరో బ్రిటిష్ అధికారి అద్దంతో ఇంకో పరిష్కారం కనిపెట్టాడు. దగ్గరున్న సెక్రటరీ చేతి అద్దం మీద లిప్‌స్టిక్‌తో గీత గీసి, బల్ల మీద పెట్టి, ఆ గీత, అద్దంలో కనిపించే దీపం వెలుగు ఒకే వరసలో కనిపించేలా నడుస్తూ రమ్మన్నాడు. ఆమె వంగుతూ వచ్చి గడ్డం సరిగ్గా బల్లకు ఆనించింది. పైలట్ తన ఎత్తు తప్పా ఒప్పా అని తనే చూసుకోగల దీపాల ఏర్పాటు అలా పుట్టింది.

జూన్ 4

మిడ్‌వే యుద్ధం మొదలైన రోజు. 1942లో అమెరికాతో జరిగిన ఆ యుద్ధంలో జపాన్ నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకుంది. జపాన్ పైలట్లంతా అక్కడే పోయారనే మాట తరచూ వింటాం. అది నిజం కాదు. ఎక్కువ మంది బతికే బయటపడ్డారు. వాళ్ళు కరిగిపోయింది ఆ తర్వాత సొలొమన్ దీవుల చుట్టూ నెలల తరబడి సాగిన పోరులో.

జూన్ 19

1944లో ఇదే రోజున ఫిలిప్పీన్ సముద్రంలో జపాన్ వందల విమానాలను కోల్పోయింది. ఆ పైలట్లలో చాలా మందికి శిక్షణ ఆరు నెలల లోపే. కారణం పాత నిర్ణయాల్లో ఉంది. యుద్ధానికి ముందు జపాన్ చాలా కఠినంగా వడకట్టి కొద్దిమందినే తయారుచేసింది. ఆరితేరినవాళ్ళను చనిపోయేదాకా యుద్ధంలోనే ఉంచింది. అమెరికా తన మేటి పైలట్లను యుద్ధం నుంచి వెనక్కి పిలిచి పాఠాలు చెప్పించింది. యుద్ధ వ్యూహాలు కనిపెట్టిన జాన్ థాచ్ చేత శిక్షణ సినిమాలు తీయించింది. ఒక దేశం గురువులను కాల్చేసుకుంది, ఇంకో దేశం గురువులను కాపాడుకుంది. నా దృష్టిలో పసిఫిక్ యుద్ధ ఫలితాన్ని తేల్చిన అసలు కారణం ఇదే.

జూన్ 24

అమెరికా మహాసరస్సుల్లో రెండు ఆవిరి ఓడలు ఉండేవి. పక్కల్లో తెడ్డు చక్రాలతో, బొగ్గుతో నడిచే విహార నౌకలు. 1942, 1943ల్లో అమెరికా నౌకాదళం వాటి పైకట్టడాలు తీసేసి డెక్కులు వేసింది. వుల్వరిన్, సేబుల్ అని పేర్లు పెట్టింది. ఆయుధాలు లేవు, విమానాలు దాచే చోటు లేదు. జలాంతర్గాములు రాలేని మిషిగన్ మంచినీటి సరస్సులో, షికాగో ఒడ్డున, పగలంతా దిగడం, ఎగరడం మాత్రమే. 17 వేల మందికి పైగా పైలట్లు అక్కడ అర్హత సాధించారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జార్జ్ బుష్ సీనియర్ వారిలో ఒకరు.

వందకు పైగా విమానాలు ఆ సరస్సులో మునిగాయి. మిడ్‌వేలో రెండు వందలకు పైగా తూటా రంధ్రాలు పడినా తిరిగొచ్చిన ఒక డాంట్‌లెస్ బాంబర్ 1943లో ఇక్కడే, ఒక విద్యార్థి చేతిలో, మునిగిపోయింది. 1994లో దాన్ని పైకి తీశారు.

షికాగోలో దిగే మన తెలుగు పిల్లలకు, వాళ్ళను చూడబోయే అమ్మానాన్నలకు ఓహేర్ విమానాశ్రయం బాగా తెలుసు. ఆ పేరు ఎడ్వర్డ్ ఓహేర్ అనే నౌకాదళ పైలట్‌ది. 1942 ఫిబ్రవరిలో లెక్సింగ్టన్ నౌక మీదికి వచ్చిన బాంబర్ల గుంపును దాదాపు ఒంటరిగా ఎదుర్కొన్నాడు. 1943 నవంబర్‌లో, ఒక రాత్రి పోరులో, చనిపోయాడు. రెండో టెర్మినల్‌లో పెట్టిన వైల్డ్‌క్యాట్ విమానం ఆ సరస్సు అడుగు నుంచి తీసిందే. అటుగా వెళ్ళేవాళ్ళు ఆగి చూడండి.

జూలై 4

నిన్న మన విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో హాక్ విమానాల కోర్సు పూర్తిచేసిన ఇద్దరికి బంగారు రెక్కల చిహ్నం ఇచ్చారు. ఇద్దరిలో ఒకరు సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా. నౌకాదళ ఫైటర్ పైలట్ శిక్షణకు ఎంపికైన తొలి మహిళ. పేపర్లో ఫొటో చూసి చాలా సంతోషం కలిగింది. 1942లో జనం పారిపోయిన ఊళ్ళోనే ఇవాళ ఈ విద్య నేర్పుతున్నారు. హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో వైమానిక దళం వాళ్ళతో పాటు నౌకాదళం వాళ్ళూ ఎగరడం నేర్చుకుంటారని మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు?

జూలై 13

యుద్ధంలో పోయినవాళ్ళకు స్తూపాలున్నాయి. డన్నింగ్ శత్రువు చేతిలో పోలేదు. షెవలియర్ అలా పోలేదు. మిషిగన్ సరస్సులో మునిగిపోయిన విద్యార్థులూ అలా పోలేదు. వాళ్ళు నేర్చుకుంటూ, నేర్పుతూ పోయారు. ఈ రోజు డెక్కు మీద పాటించే నియమాల్లో చాలావాటి వెనక అలాంటి ప్రాణాలున్నాయి. శిక్షణలో పోయినవాళ్ళ పేర్లను యుద్ధంలో పోయినవాళ్ళ పేర్ల పక్కనే, అదే రాతి మీద, అంతే పెద్ద అక్షరాలతో చెక్కాలి.

విశాఖ, కాకినాడ బడుల్లోని ఉపాధ్యాయులకు ఒక మనవి. వచ్చే ఏప్రిల్ 6న ఒక పీరియడ్ ఈ కథకు ఇవ్వండి. సాంఘికశాస్త్రం మాస్టారు ఆనాటి బాంబుల గురించి చెబితే, ఫిజిక్స్ మాస్టారు గాలి, ఓడ, విమానం వేగాల లెక్క చేయించాలి. పిల్లలకు రెండూ కలిపి అందాలి.